బేస్‌బాల్ జట్లకు కొలువులివ్వండి: ప్రభుత్వ రంగ సంస్థల క్రీడాధికారులకు బహిరంగ లేఖ

రైల్వేలు, బ్యాంకులు, బొగ్గు గనులు, ఓడరేవులు, విద్యుత్ సంస్థలు, పోలీసు శాఖల్లో క్రీడా విభాగాల బాధ్యత చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

2023 డిసెంబరులో తైవాన్ రాజధాని తైపేలో, అప్పుడే తలుపులు తెరిచిన కొత్త డోమ్ స్టేడియంలో ఆసియా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. ఆతిథ్య జట్టుపై జపాన్ 1-0తో గెలిచింది. తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో ఒకే ఒక్క పరుగు. ఆ ఫైనల్ గురించి మీకు ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ఆ రోజు మైదానంలో దిగిన జపాన్ జట్టులో అమెరికా లీగ్‌లో వెలుగుతున్న జపాన్ తార ఒహ్తానీ లేడు, అతనిలా ఆటే జీవనోపాధిగా ఉన్న తారలు లేరు. వాళ్లంతా ఉద్యోగులు. కార్ల కంపెనీలో, రైల్వేలో, చమురు సంస్థలో, భారీ యంత్రాల కర్మాగారంలో నెల తిరిగేసరికి జీతం అందుకునేవాళ్లు. ఆసియా పోటీకి వెళ్లే జపాన్ జట్టు జాబితా చూస్తే ప్రతి ఆటగాడి పేరు పక్కనా అతను పనిచేసే సంస్థ పేరు రాసి ఉంటుంది. ఆ జాబితాను నేను మొదటిసారి చూసినప్పుడు గుర్తుకొచ్చింది మీరే.

నేను క్రీడాకారుడిని కాను, వెల్డింగ్ ఇంజినీరును. నగోయా నగరం చుట్టూ విస్తరించిన ఐచి ప్రాంతంలో ఆరేళ్లు పనిచేసి విశాఖపట్నం తిరిగొచ్చాను. అక్కడ మా చిన్న ఫ్యాక్టరీకి జట్టు లేదు గానీ, మా గోడ పక్కనే ఉన్న పెద్ద ఫ్యాక్టరీకి ఉండేది. అందులో కొనుగోళ్ల విభాగం నుంచి ఒక మనిషి ఉదయం పది గంటలకు మా దగ్గరకు వచ్చేవాడు. విడిభాగాల లెక్క సరిచూసేవాడు, తేడా ఉంటే నెమ్మదిగా చెప్పేవాడు, కాగితం మీద ముద్ర వేసి వెళ్లిపోయేవాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీతో ఉండేది. ఒక రోజు మధ్యాహ్నం సరుకు దింపించడానికి ఆ గేటు వైపు వెళ్లి, కంచె అవతల అతన్నే చూశాను. ముఖానికి ఇనుప జల్లెడ, ఛాతీకి, మోకాళ్లకు కవచాలు. గొంతుకూర్చుని ఉన్నాడు. ఎదురుగా మరొకడు బంతిని కావాలనే నేలకేసి కొడుతున్నాడు. మట్టిలో పడి ఎటు లేస్తుందో తెలియని ఆ బంతికి అడ్డంగా ఇతను ఒళ్లు వాల్చేస్తున్నాడు. పట్టుకోవడం కాదు, ఆపడం. ఒకటి గొంతుకు తగిలింది, ఒకటి మోచేతికి తగిలింది. మళ్లీ గొంతుకూర్చున్నాడు. నేను నిలబడ్డ కాసేపట్లోనే నలభై, యాభై బంతులు అలా ఆపాడు.

తర్వాత కొంచెం చనువు పెరిగాక అడిగాను, ఆట మానేశాక ఏం చేస్తావని. నా ప్రశ్న అతనికి వెంటనే అర్థం కాలేదు. "అప్పుడు సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉంటాను" అన్నాడు. అంతే. మోకాలు దెబ్బతింటే ఇల్లెలా గడుస్తుందన్న బెంగ అతని జవాబులో ఎక్కడా లేదు. కంచె అవతల అతను అంత ధైర్యంగా నేలమీద పడటానికి ఆ మాటే కారణమని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆసియా ఛాంపియన్‌షిప్ 1954లో మనీలాలో మొదలైంది. మొదటి విజేత జపాన్ కాదు, ఫిలిప్పీన్స్. అమెరికా పాలనలో దశాబ్దాల పాటు ఆ ఆట నేర్చుకున్న దేశం, సొంత గడ్డ మీద గెలిచింది. మరుసటి ఏడాది అదే మనీలాలో జపాన్ గెలిచింది. ఫిలిప్పీన్స్ మళ్లీ ఆ కప్పు ఎత్తనే లేదు. 1963, 1971, 1975లలో దక్షిణ కొరియా, 2001, 2019లలో తైవాన్ పైచేయి సాధించినా, మొత్తం మీద ఇరవై దాకా టైటిళ్లు జపాన్‌వే. అందులో వృత్తి ఆటగాళ్లను పూర్తి బలంతో దింపిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏథెన్స్ ఒలింపిక్స్ అర్హత కోసం 2003లో సప్పోరోలో ఒకసారి, బీజింగ్ కోసం 2007లో తైచుంగ్‌లో మరోసారి. ఒలింపిక్స్ పణంగా లేనప్పుడు వాళ్లకు ఆసియా పోటీ అంటే కంపెనీ ఉద్యోగుల పోటీయే. కాలేజీ కుర్రాళ్లు కొందరు తోడవుతారు.

ఆసియా క్రీడల్లోనూ అదే పద్ధతి. 2006లో దోహాలో కొరియా తన వృత్తి ఆటగాళ్లను తీసుకొచ్చింది. జపాన్ ఉద్యోగులను, విద్యార్థులను పంపింది. స్కోరు 7-7 దగ్గర ఉండగా చివరి ఇన్నింగ్స్‌లో చోనో హిసయోషి అనే విశ్వవిద్యాలయ విద్యార్థి బంతిని కంచె దాటించాడు. 10-7. కొరియాలో ఆ ఓటమిని చాలా కాలం తలుచుకుని బాధపడ్డారు. చదువయ్యాక చోనో హోండా కంపెనీ జట్టులో చేరి, అక్కడి నుంచి జపాన్ వృత్తి లీగ్‌కు వెళ్లాడు. 2018లో జకార్తాలో మళ్లీ అలాంటి జట్టే ఫైనల్ దాకా వచ్చి కొరియా చేతిలో 3-0తో ఓడి రజతం తెచ్చుకుంది. హాంగ్‌ఝౌలో చైనా చేతిలో 1-0తో దెబ్బతిన్నా, కాంస్య పతకం పోరులో అదే చైనాను 4-3తో ఓడించింది. వాళ్లు ఎప్పుడూ గెలుస్తారని చెప్పడం లేదు. ప్రతిసారీ పతకాల వరసలో ఉంటారని చెబుతున్నాను. ఆ వరసకు మన దేశం ఏనాడూ దరిదాపుల్లోకి రాలేదు. ఈ ఖండంలో కోట్లాది మంది పిల్లలు రోజూ బంతి విసిరి, బ్యాటుతో కొట్టి, పరుగెత్తే దేశం మనది. అయినా రాలేదు.

ఇది జపాన్ వాళ్ల రక్తంలోనే ఉందనే మాట నాతో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. అక్కడ ఆట వేళ్లూనుకోవడంలో రైల్వేది పెద్ద చెయ్యి. ఒక అమెరికా ఉపాధ్యాయుడు 1872లో తన విద్యార్థులకు బేస్‌బాల్ చూపించాడు. 1878లో తొలి జట్టు కట్టింది మాత్రం హిరావోకా హిరోషి అనే రైల్వే ఇంజినీరు. ఆ జట్టు పేరులో ఉన్నది షింబాషి, టోక్యోలో తొలి రైలు బయలుదేరిన స్టేషన్. రైల్వే అధికారులకు ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. ఈనాటికీ జేఆర్ రైల్వే సంస్థల్లో చాలావాటికి సొంత జట్లున్నాయి.

1927 నుంచి అక్కడ నగరాల పోటీ ఒకటి జరుగుతోంది. జట్లు కంపెనీలవే అయినా పేరు నగరానిది. టొయోటా జట్టు టొయోటా నగరం పేరు మీద, చమురు సంస్థ ఎనియోస్ జట్టు యొకొహామా పేరు మీద దిగుతాయి. గెలిచినవారికి నల్ల సింహం బొమ్మ ఉన్న జెండా ఇస్తారు. 2022లో అది ఎనియోస్‌కు, 2023లో టొయోటాకు దక్కింది. మా పక్క ఫ్యాక్టరీ జట్టు ఒకసారి ఆ పోటీకి అర్హత సాధిస్తే వాళ్ల బస్సులో నాకూ ఒక సీటు దొరికింది. ఫోర్‌మన్లు, క్యాంటీన్ వంటవాళ్లు, గుమస్తాలు, వాళ్ల పిల్లలు, అందరికీ ఒకే రంగు చొక్కా. టోక్యో డోమ్‌లో మా ముందు వరసలో కంపెనీ డైరెక్టరు ఒకాయన కాగితం విసనకర్ర పట్టుకుని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. మట్టిలో పడి లేచే మా కొనుగోళ్ల విభాగం మనిషి బ్యాట్ పట్టుకుని రాగానే ఆ వంటవాళ్లు అతని పేరు పెట్టి పిలిచారు. రోజూ తమ చేతి అన్నం తినే మనిషి మరి.

ఆ పోటీలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఒక ప్రాంతం నుంచి అర్హత సాధించిన జట్టు, అదే ప్రాంతంలో అర్హత సాధించలేకపోయిన జట్ల నుంచి ముగ్గురి దాకా ఆటగాళ్లను అరువు తెచ్చుకోవచ్చు. నిన్న ప్రత్యర్థిగా ఆడినవాడు ఇవాళ మన చొక్కా వేసుకుంటాడు. కంపెనీల పోటీ అలా ఊరి పోటీ అవుతుంది. జాతీయ జట్టు కోసం పిలుపు వచ్చేనాటికి ఈ ఆటగాళ్లు ఒకరి పక్కన ఒకరు ఆడి ఉంటారు.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఆడించిన బేస్‌బాల్‌లో రెండో స్థానంలో నిలిచిన జపాన్ జట్టులో నోమో హిదియో అనే ఇరవై ఏళ్ల పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, ఉన్నాడు. అప్పుడతను ఒసాకా పక్కన సకాయిలోని ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. చేతి నుంచి బయటికి వచ్చి బ్యాటు దగ్గర ఒక్కసారిగా కిందికి జారిపోయే ఫోర్క్‌బాల్‌ను అతను సాధించింది ఆ ఉక్కు కంపెనీ జట్టులోనే. 1995లో అమెరికా వెళ్లి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఒహ్తానీ దాకా అందరూ నడిచిన దారి అతను వేసినదే. ఆ ఉక్కు సంస్థే నేటి నిప్పన్ స్టీల్. అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర ఉక్కు కర్మాగారం కట్టడానికి ముందుకొచ్చిన ఉమ్మడి సంస్థలో నిప్పన్ స్టీల్ భాగస్వామి. పటాన్‌చెరు దాటితే వచ్చే రుద్రారంలో ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తున్న తోషిబాకు కవాసాకిలో పేరున్న జట్టుంది. ఈ ఆటను పెంచిన సంస్థలు మన ఊళ్లలోనే గేట్లు పెట్టి పనిచేస్తున్నాయి. కర్మాగారాలకు భూములిచ్చేటప్పుడు ఎన్నో మాట్లాడుకుంటాం. పిల్లలకు ఒక కోచ్‌ను పంపమని అడగడానికి మొహమాటం ఎందుకు?

అక్కడా అంతా బాగుందని చెప్పను. 1960లలో రెండు వందలు దాటిన కంపెనీ జట్లు ఇప్పుడు వంద లోపే. మన శ్రీసిటీలో వాహనాలు తయారుచేస్తున్న ఇసుజు కథ తలుచుకుంటే బాధేస్తుంది. 2002లో ఆ కంపెనీ జట్టు నల్ల సింహం జెండా గెలిచింది. అదే ఏడాది, నష్టాల వల్ల, జట్టును రద్దు చేశారు. గెలిచిన జట్టుకే ఆ గతి పట్టింది. ఆటగాళ్లకు వేరే జట్లు దొరికాయంటే, చుట్టూ అలాంటి జట్లు ఇంకా చాలా ఉండబట్టే. మన దగ్గర ఒకటి మూతపడితే వెళ్లడానికి రెండోది లేదు. అసలు మొదటిదే లేదు.

ఇదంతా పరాయి దేశపు పద్ధతి, మనకు నప్పదు అంటారేమో. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పెద్దలను అడగండి. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఏమిటి? అది పోలీసు శాఖ జట్టు. ఆడినవాళ్లకు అక్కడ కొలువు, నెలకు జీతం, సాయంత్రం మైదానం. వాళ్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మాస్టారు బడిపంతులు. ఆయనే శిక్షకుడిగా మన దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జపాన్ కంపెనీ ఉద్యోగులు ఆసియా బేస్‌బాల్‌ను ఏలడం మొదలుపెట్టిన ఆ ఏళ్లలోనే, మన పోలీసు ఉద్యోగులు ఆసియా ఫుట్‌బాల్‌లో మన దేశాన్ని నిలబెట్టారు. పద్ధతి ఒకటే. వాళ్లు కొనసాగించారు, మనం వదిలేశాం.

పూర్తిగా వదిలేశామనడం కూడా న్యాయం కాదు. మల్లీశ్వరికి భారత ఆహార సంస్థ, మిథాలీ రాజ్‌కు దక్షిణ మధ్య రైల్వే అండగా నిలిచాయి. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ఆడే ఎందరో పల్లెటూరి పిల్లలకు మీరు ఇచ్చిన నియామక పత్రమే వాళ్ల ఇంట్లో గోడకు వేలాడే మొదటి పటం. మీరు ఆ పని చేయగలరని తెలుసు కనుకే ఈ ఉత్తరం ఎవరో మంత్రికి కాకుండా మీకు రాస్తున్నాను.

ఇప్పుడు మా సంగతి చెబుతాను. విశాఖలో ఆదివారం ఉదయాల్లో నేను, మరో ఇద్దరు మిత్రులం కలిసి కొందరు పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతున్నాం. ఎర్రమట్టి తట్టలతో పోసి పిచ్చర్ నిలబడే దిబ్బ చేశాం. పది అంగుళాల ఎత్తుండాలి, ప్రతి వానకూ అది కరిగిపోతుంది, మళ్లీ పోస్తాం. దిబ్బ నుంచి బ్యాటు దగ్గరికి అరవై అడుగుల ఆరంగుళాలు. క్రికెట్ పిచ్ కన్నా అయిదున్నర అడుగులు తక్కువ. పిల్లలు క్రికెట్ నుంచి వచ్చినవాళ్లు కావడంతో మొదట్లో చెయ్యి మడవకుండా బౌలింగ్ చేసేవారు. మోచెయ్యి వంచి విసరవచ్చు అంటే తప్పు చేస్తున్నట్టు మొహాలు పెట్టేవారు. ఇప్పుడు నలుగురికి మంచి చెయ్యి ఉంది.

పధ్నాలుగు మందికి ఐదు గ్లవ్‌లు. ఒక జట్టు ఫీల్డింగ్ ముగించి బ్యాటింగ్‌కు వచ్చేటప్పుడు గ్లవ్‌లు విప్పి అవతలివాళ్లకు ఇచ్చి వస్తారు, వేళ్ల దగ్గర లోపలంతా చెమట. కొత్త గ్లవ్ అట్టముక్కలా బిరుసుగా ఉంటుంది, బంతిని పట్టదు, ఉమ్మేస్తుంది. దాన్ని లొంగదీయాలి. బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతిని ఆపే మా క్యాచర్ కుర్రాడు కొబ్బరినూనె రాసి, గుంటలో బంతి పెట్టి, లుంగీ పీలికతో బిగించి కట్టి, రాత్రి తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడట. నెలరోజుల తర్వాత చూపిస్తే, తోలు సరిగ్గా అతని అరచెయ్యిలా ముడుచుకుని ఉంది. వాళ్ల అమ్మ మాత్రం దిండు గలేబులకు నూనె జిడ్డు వదలడం లేదని నా మీద కోప్పడింది.

ఆ కుర్రాడి గురించే కాస్త ఎక్కువ చెప్పాలి. తండ్రి చేపల రేవులో ఐసు పెట్టెలు మోస్తాడు. అబ్బాయి రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు ఆడాడు. ధ్రువపత్రాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, క్రీడా కోటాలో ఖాళీలున్నాయని ప్రకటించిన ఒక కార్యాలయానికి వెళ్లాడు. నేనూ తోడు వెళ్లాను. కిటికీ అవతలి గుమస్తా ధ్రువపత్రం తిరగేసి చూసి, "బేస్‌బాలా? బాస్కెట్‌బాల్ అయితే ఉంది, ఇది మా జాబితాలో లేదు బాబూ" అన్నాడు. దురుసుగా ఏమీ అనలేదు. జాలిగానే అన్నాడు.

నాకు ఆ జాబితా సంగతి తెలుసు. కేంద్ర సిబ్బంది, శిక్షణ వ్యవహారాల శాఖ 2020 సెప్టెంబరులో క్రీడా కోటాకు అర్హమైన ఆటల సంఖ్యను 43 నుంచి 63కు పెంచింది. కొత్తగా చేరిన ఇరవై ఆటల్లో బేస్‌బాల్ ఒకటి. ఉత్తర్వు నకలు కూడా మా కవరులోనే ఉంది. చూపించాం. పై అధికారి దాన్ని చదివి, మా సంస్థ ప్రకటన పాత జాబితా ప్రకారం వెలువడింది, వచ్చేసారి చూద్దాం అన్నారు. వచ్చేసారి వచ్చేనాటికి అబ్బాయి వయసు దాటిపోయింది. ఇప్పుడు మోటారు సైకిలు మీద ఇళ్లకు భోజనాలు చేరవేస్తున్నాడు. వీపున ఆ పెద్ద సంచి, ఎండలో ముఖానికి గుడ్డ. సిగ్నల్ దగ్గర కనిపిస్తే చెయ్యి ఊపుతాడు.

ఒక్కో సంస్థకు తన నిబంధనలుంటాయని, ఒక విభాగం ఉత్తర్వు మరో విభాగం మీద నేరుగా పనిచేయదని నాకు తెలియకపోలేదు. కాని తలుపు తెరిచి ఇన్నేళ్లైనా గడప దాటనివ్వకపోతే ఎలా? కేంద్రం ఆ ఆటను గుర్తించిన మాట మీ ప్రకటనలు రాసే బల్ల దాకా చేరాలి కదా.

పొరుగున పాకిస్తాన్‌ను చూడండి. అక్కడ కూడా క్రికెట్టే సర్వస్వం. అయినా పశ్చిమ ఆసియా బేస్‌బాల్ కప్పులో ఏళ్లుగా పెద్ద జట్టు వాళ్లదే, అక్కడి నుంచి ఆసియా ఛాంపియన్‌షిప్‌కూ వెళుతుంటారు. ఎలా వచ్చింది ఆ బలం? వాళ్ల జాతీయ పోటీల్లో తలపడేవి సైన్యం జట్టు, పోలీసు జట్టు, నీటి, విద్యుత్ సంస్థ జట్టు. కాలువలు, కరెంటు చూసే ప్రభుత్వ సంస్థ బేస్‌బాల్ ఆటగాళ్లకు జీతాలిస్తోంది. 2016లో వాళ్లు వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ అనే ప్రపంచ పోటీ అర్హత పోటీలకు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ దాకా వెళ్లారు. బ్రెజిల్ చేతిలో 10-0, బ్రిటన్ చేతిలో 14-0తో చిత్తుగా ఓడారు. ఓడినా, వాళ్లు అక్కడ ఉన్నారు. మనం అప్పుడు టీవీ ముందు కూడా లేం.

మన దేశంలో మరో దారి ప్రయత్నించారు. 2008లో ఒక పోటీ పెట్టి, గట్టిగా విసరగల కుర్రాళ్ల కోసం వెతికితే ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ దొరికారు. ఇద్దరూ ఈటె విసిరేవాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ఆడి ఎరుగరు. ఏడాది తిరగకుండానే పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. మన గడ్డ మీద చేతులకు కొదవ లేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కాని ఇద్దరిని ఏరుకుని విమానం ఎక్కిస్తే వాళ్ల కథ మారుతుంది. జాతీయ జట్టు అలా రాదు. తొమ్మిది మంది కలిసి ఏళ్ల తరబడి ఒకే మైదానంలో మట్టి పూసుకుంటేనే వస్తుంది.

ఆడపిల్లల మాట మరిచిపోకూడదు. నిజామాబాద్, అనంతపురం వైపు, బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి సాఫ్ట్‌బాల్ చక్కగా ఆడే అమ్మాయిలున్నారు. 2008 బీజింగ్‌లో, మళ్లీ టోక్యోలో సాఫ్ట్‌బాల్ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జపాన్ మహిళలు కూడా కంపెనీ జట్ల ఉద్యోగినులే. మన అమ్మాయిలు ఇంటర్ దాకా ఆడతారు, డిగ్రీలో తగ్గుతారు, పెళ్లితో ఆగిపోతారు. చేతిలో ఉద్యోగం ఉంటే ఆ ఇంట్లో మాట్లాడే తీరే వేరు. కబడ్డీ అమ్మాయిల ఇళ్లలో మీరే అది చూసి ఉంటారు.

ఖర్చు మాట వస్తుంది. ప్రత్యేక స్టేడియం అక్కర్లేదు. మీ కాలనీల్లో ఉన్న ఫుట్‌బాల్, క్రికెట్ మైదానాలు చాలు. తొంభై అడుగుల దూరంలో బేసులు పరిచి, ఆట అయ్యాక చుట్టి లోపల పెట్టుకోవచ్చు. గ్లవ్‌లు, క్యాచర్ కవచాలు, బ్యాట్‌లు ఒకసారి కొంటే కొన్నేళ్లు వస్తాయి. ఉద్యోగాలే అసలు ఖర్చు, నిజమే. కాని ఆ ఉద్యోగి పనిచేస్తాడు కదా. మా కొనుగోళ్ల విభాగం మనిషి ఉదయం నాలుగు గంటల్లో లెక్క సరిచూసినంత శ్రద్ధగా రోజంతా కూర్చున్నవాళ్లు చూడలేదని మా ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు.

విశాఖ ఉక్కును మాత్రం నేను అడగలేను. ఈ ఊరివాణ్ని. ఆ కర్మాగారం తన ఉనికి కోసం ఎంత తల్లడిల్లుతోందో రోజూ చూస్తున్నాను. నోమో కథ చెప్పేటప్పుడు నా మనసులో మెదిలింది అదే. ఉక్కునగరం మైదానాలు చూసినప్పుడల్లా ఇంకో రోజులు వస్తే బాగుండుననిపిస్తుంది. ఈ మాట ఇక్కడితో ఆపుతాను.

అడగదలచుకున్నది ఇతర సంస్థలను. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే కొత్త జోన్‌గా రూపుదిద్దుకుంటోంది. కొత్త జోన్ అంటే కొత్త క్రీడా సంఘం, కొత్త జట్లు. ఆ కాగితాలు రాసేటప్పుడే బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ పేర్లు చేర్చండి. తర్వాత చేర్పించడం ఎంత కష్టమో మేం కిటికీ దగ్గర చూశాం. సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వే, గోదావరి లోయలో సింగరేణి, విశాఖలో పోర్టు, రెండు రాష్ట్రాల పోలీసు శాఖలు కలిసి ఆలోచించండి. ఒక్క జట్టు ఉంటే చాలదు, అది ఎవరితో ఆడుతుంది? మూడు ఉంటే లీగ్ అవుతుంది. ఒక్కో సంస్థ ఏడాదికి ఐదుగురిని తీసుకున్నా నాలుగేళ్లలో జట్టు నిండుతుంది. అప్పటిదాకా మిగిలిన స్థానాల్లో, జపాన్ వాళ్ల అరువు నియమంలా, ఊళ్లలో ఆడే పిల్లలను ఆడించండి. వాళ్లకు జీతం ఇవ్వనవసరం లేదు, చొక్కా ఇవ్వండి. ఎవరి చెయ్యి ఎలాంటిదో మీకే తెలుస్తుంది.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు బేస్‌బాల్ తిరిగొస్తోంది. దానికి మన జట్టు వెళుతుందని ఎవరికీ మాట ఇవ్వలేను. పదేళ్ల తర్వాత ఒక ఆసియా ఛాంపియన్‌షిప్‌లో భారత జట్టు జాబితా వెలువడితే, పేర్ల పక్కన మీ సంస్థల పేర్లు చూడాలని ఉంది. అందులో ఒకటైనా మన ఊరి పేరు ఉండాలని ఉంది.

మీలో ఎవరికైనా ఒకసారి చూడాలనిపిస్తే ఆదివారం ఉదయం ఆరింటికి రండి. ఎనిమిదిన్నరకు క్రికెట్ పిల్లలు వస్తారు, మైదానం వాళ్లకు వదిలిపెట్టాలి. ఈ మధ్య వానలకు దిబ్బ మళ్లీ కరిగింది, ముందుగా అరగంట మట్టి పోయడంతోనే సరిపోతుంది. క్యాచర్ కుర్రాడు కూడా వస్తాడు. ఆదివారం పొద్దున అతను భోజనాల సంచి ఎత్తుకోడు, ఆ నూనె గ్లవ్ తెచ్చుకుంటాడు.

ఇట్లు,
జపాన్‌లో ఆరేళ్లు పనిచేసి వచ్చిన ఒక వెల్డింగ్ ఇంజినీరు,
విశాఖపట్నం